మనింట్ల ఎవ్వరికి లేదు

శంషాబాద్
జులై 8

భాగ్యక్కకు,

తమ్ముడు గోవర్ధన్ రాసేది. నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబియ్యలేదని కోపం చేసుకోకు. రెండుసార్లు కాగితం ముంగటేసుకున్న. పెన్ను మూత తీసి మళ్ల పెట్టిన.

బావకు ఫోన్ చేసి చెప్తనని నిర్మల అన్నది. నేనే వద్దన్న. జ్వరం నీ చెవులు తీస్కపోయిన సంది నీకూ నాకూ కాగితమే గదా. నీ డబ్బా ఫోన్ల తెలుగు కనపడదు. బావ ఫోనుకు పెడితే ముందుగాల బావ చదువుతడు. ఇది బావ చదివేది కాదు.

అక్కా, నేను కారు తీసి నెల దాటింది. పొద్దుగాల లేస్త, స్నానం చేస్త, తాళం చేతిల పట్టుకొని మెట్లు దిగుత. కారు పక్కన నిలబడ్త. డోరు తియ్యబుద్ధి కాదు. మళ్ల పైకొచ్చి పంట. ఒంట్ల జ్వరం లేదు, నొప్పి లేదు. నిర్మల ఏం కూర వండిందో తిన్నంక అడిగితే చెప్పలేను. మీదికెళ్లి విమానం పోతే కిటికీ అద్దాలు అదురుతయి. ఇదివరకు అనూ, నేను అది ఏ ఊరికి పోయేదో పందెం కాసేటోళ్లం. ఇప్పుడు పిల్ల నా ముఖం చూసి ఊకుంటున్నది. నిన్న, "బాపూ, నామీద కోపమా" అన్నది. తొమ్మిదేండ్ల పిల్లకు ఏం చెప్పాలె.

ఆఖరిసారి ఎయిర్‌పోర్టుకు ఒక ముసలాయనను తీస్కపోయిన. దిగేటప్పుడు "సల్లగుండు బిడ్డా" అన్నడు. క్యాబులు నిలబెట్టే కాడ కారాపి గంటసేపు ఏడ్చిన. ఎందుకో తెల్వదు.

వాపసు వస్తుంటే పెద్ద గోల్కొండ కాడ రింగు రోడ్డెక్కినంక, స్టీరింగు జర అటు తిప్పితే అయిపోతది గదా అనిపించింది. అనిపించి పోయింది. ఆ రోజు సంది కారు తీస్తలేను. నిర్మలకు చెప్పలేదు. నీకే చెప్తున్న.

నీ తమ్ముడు
గోవర్ధన్


కందుకూరు
జులై 13

తమ్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ఆఖరి నాలుగు లైన్లు నిర్మలకు చెప్పు. చెప్తవా అని అడుగుతలేను, చెప్పమంటున్న. కారు తాళం ఆమె చేతికియ్యి.

సర్కారు పెద్ద దవాఖానల మనసుకు చూసే డాక్టర్లుంటరు. పో. పిచ్చి డాక్టరు దగ్గరికా అని నువ్వంటవని ఎరుకే. అందుకే నీకొక సంగతి చెప్తున్న, బావకు తప్ప ఎవ్వరికి చెప్పలే.

పోయినేడు నాకు నడుం మీద సర్పి లేచింది గదా. పొక్కులు మానినయి గని మంట మానలే. చీర కుచ్చె తగిలితే నిప్పంటుకున్నట్టుండేది. మిషిను మీద కూసోలేక పదిహేను జాకెట్లు వాపసిచ్చిన. అప్పుడు ఇక్కడి డాక్టరు పండుకునేటప్పుడు వేసుకొమ్మని చిన్న గోలి రాసిండు. అమిట్రిప్టిలిన్ అంటరు. మెడికల్ షాపాయన చిట్టి చూసి పక్కాయనతోని ఏదో అన్నడు. చెవిటిది గదా అనుకున్నడు. నేను పెదవులు చదువుత. "దిమాగు గోలి" అన్నడు.

సీదా వాపసు పోయి డాక్టరును అడిగిన. ఆయన కాగితం మీద రాసి చెప్పిండు. ఈ మందు మొదలు మనసు కుంగినోళ్ల కోసమే వచ్చిందట, పెద్ద మోతాదుల. చిన్న మోతాదుల ఇస్తే నరాల మంట తగ్గిస్తదట. ఊకె తలనొప్పి వచ్చేటోళ్లకు ఇస్తరట. ఊకెనే భయం పట్టుకొని గుండె దడదడలాడేటోళ్లకు, చేతులు కడిగిందే కడిగేటోళ్లకు ఈ జాతి మందులే వేరే రకాలు ఇస్తరట. "ఇది సిగ్గుపడే మందు కాదమ్మా" అని కింద గీత గీసిండు.

నాకు నోరెండుడు తప్ప ఏం కాలే. మంట సగానికి దిగింది. మళ్ల కుడుతున్న.

అక్క తిన్నది తమ్ముడు తింటే తప్పేంది. పో.

భాగ్యలక్ష్మి


శంషాబాద్
జులై 24

అక్కా,

పోయినం. నువ్వు చెప్పినట్టే నిర్మలకు ముందుగాల చెప్పిన. ఆమె ఏడ్వలే. చీర మార్చుకొని ఆటో పిలిచింది.

డాక్టరమ్మ వయసుల నాకంటె చిన్నది. "చచ్చిపోవాలనిపిస్తున్నదా" అని సీదా అడిగింది. తల ఊపిన. నిర్మల నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి. చాలాసేపు అడిగింది, రాసుకున్నది. ఇది డిప్రెషన్, జ్వరం లెక్క ఇదొక రోగం, బద్ధకం కాదు అన్నది. సెర్ట్రలిన్ అని గోలి రాసింది. గుణం కనిపించేతందుకు రెండు మూడు వారాలు పడతదట. ముందుగాల కడుపుల తిప్పుతదట, తిప్పుతున్నది. మధ్యల బంద్ చెయ్యొద్దు, మీ అంతట మీరు పెంచొద్దు అన్నది.

ఇంకొకటి అడిగింది. "మీ ఇంట్ల ఎవరికన్న ఇట్లయిందా? లేకుంటే దీనికి ఉల్టా? రోజుల తరబడి నిద్ర లేకున్నా హుషారుగుండుడు, ఆగకుండ మాట్లాడుడు, పెద్ద పెద్ద పనులు నెత్తినేసుకునుడు?"

నాకు తెలిసి లేదన్న.

"మీ నాయన?"

నాకు నాలుగేండ్లప్పుడే లారీ గుద్ది పోయిండన్న.

"పెద్దోళ్లను అడిగి చెప్పండి. అట్లాంటిది ఉంటే నేను మందు వేరే తీరుగ మొదలుపెట్టాలె" అన్నది.

మనకు పెద్దోళ్లు ఎవరున్నరు. అమ్మ పాయె. నాకంటె నువ్వు పదేండ్లు పెద్ద, నీకు యాదికుంటది. బాపుకు గిట్లాంటిది ఏమన్న ఉండెనా?

గోవర్ధన్


కందుకూరు
జులై 30

తమ్మీ,

మంచి పని చేసినవ్. గోలి తప్పిపోకుండ వేసుకో. కడుపుల తిప్పితే అన్నం తిన్నంక వేసుకో, ఉట్టి కడుపు మీద వద్దు.

నువ్వడిగినదానికి, మనింట్ల ఎవ్వరికి లేదు. బాపు మంచిగుండె. బాలమల్లు గడ్డపార పట్టిండంటే ఇద్దరు మనుషుల పని చేస్తడనేటోళ్లు. శ్రీశైలం రోడ్డు మీద లారీలు ఎంతమందిని మింగలే. అదే డాక్టరమ్మకు చెప్పు. పాతయి తవ్వుకుంట కూసోకు. అమ్మ ఉన్నా గదే చెప్పేది.

ఈ ఉత్తరం రెండు రోజుల కిందటనే పోస్టు చెయ్యాల్సింది. కాగితాలు ఖరాబైనయి, మళ్ల రాసిన.

టమాట ధర పడ్డదని బావ గులుగుతున్నడు. అనూ గౌను కొలతలు పంపు.

భాగ్యలక్ష్మి


శంషాబాద్
ఆగస్టు 21

అక్కా,

నిన్న గోంగూర పచ్చడి తిన్న. ఇదేం పెద్ద సంగతి అంటవు. పుల్లగ తాకింది అక్కా నాలికెకు. చానా రోజులకు తాకింది. ఇంకింత వెయ్యమంటే నిర్మల గరిటె పట్టుకొని అట్లనే నిలబడ్డది, ముఖం అటు తిప్పుకున్నది.

ఒక్కనాడు వచ్చింది కాదు. మబ్బు ఎట్ల పలుచనైతదో గట్ల. మొదలు స్నానం బరువు తగ్గింది. తర్వాత అనూ మాట్లాడితే మాట లోపటికి వచ్చింది. పదిహేను రోజులకు మళ్ల దవాఖానకు పోయినం. డాక్టరమ్మ ఖుషీ అయింది. ఇంట్ల ఎవ్వరికి లేదట అని చెప్పిన, రాసుకున్నది. "నెలకు మళ్ల రా. మంచిగైందని నిద్ర తగ్గిస్తవేమో. నిద్ర తక్కువైనా హుషారు ఎక్కువైతే నెల దాకా ఆగకు, అప్పుడే రా" అన్నది.

సోమవారం కారు తీసిన. పొద్దుగాల ఒక గిరాకీ, మాపటికి ఒక గిరాకీ. అనూ, నేను విమానాలు లెక్కవెడుతున్నం. నిన్న పిల్లనే గెలిచింది.

నువ్వు రాయకుంటే నేను పోకపోదును. అది చెప్పేతందుకే ఈ ఉత్తరం.

నీ తమ్ముడు


కందుకూరు
ఆగస్టు 28

తమ్మీ,

నీ ఉత్తరం బావకు కూడ చదివి వినిపించిన, గోంగూర కాడికే. ఆయన నవ్విండు. నేను పొయ్యి కాడికి పోయి ఏడ్చిన.

నిద్ర ఎన్ని గంటలు పోతున్నవ్? దీనికి జవాబియ్యి. మర్చిపోకు. నెలకు రమ్మన్నప్పుడు నెలకు పో, మంచిగైందని ఆగకు.

అనూ గౌను కుట్టిన. పసుపు రంగు. మా ఊరి యాదయ్య ఆటో తుక్కుగూడ దాకా వస్తదట, అండ్ల పంపుత.

భాగ్యలక్ష్మి


శంషాబాద్
అక్టోబర్ 8

అక్కా అక్కా,

ఎన్ని దినాలైంది రాసి, టైమే లేదు, దినం చిన్నదైతున్నది, నువ్వు నిద్ర ఎన్ని గంటలని అడిగినవ్, రెండు. రెండు సాలు. మనిషి ఆరేడు గంటలు పండుకునుడు ఎంత నష్టమో ఎవ్వరు లెక్కవెయ్యరు. నేను ముగ్గురు మనుషుల పని చేస్తున్న. పొద్దుగాల ఎయిర్‌పోర్టు, మధ్యాహ్నం కాటేదాన్‌ల ఫ్యాక్టరీలకు, మాపటికి మళ్ల ఎయిర్‌పోర్టు. అలుపే లేదు. కారుల కూసున్నోళ్ల ముఖం అద్దంల చూస్తే సాలు, వాళ్ల కష్టం నాకు తెలుస్తది. చెప్పకముందుకే తెలుస్తది. ఒకామె దిగేటప్పుడు, అమ్మా ఈ విమానం ఎక్కకు అన్న. ఎందుకన్నది. ఎక్కకు అంతే అన్న. ఆమె కంప్లేంట్ చేసింది, క్యాబ్ కంపెనీ నా నంబరు ఆపింది. ఆపనీ. నాకు వాళ్లతోని పనేంది. నేను తుక్కుగూడ కాడ డ్రైవర్లకు పండుకునే ఇల్లు కట్టిస్తున్న, నలభై మంచాలు, వేడి నీళ్లు, ఒక డాక్టరు. జాగ చూసిన. ముగ్గురితోని మాట్లాడిన. మన టీవీ జగన్‌కు ఇచ్చేసిన, కింద వాచ్‌మెన్, పాపం వాని ఇంట్ల లేదు.

దవాఖానకు పోయిన నెల పోలే. సీటు రోగమున్నోనికి ఉండనీ. గోలీ మాత్రం వేసుకుంటున్న, పాత చిట్టి చూపిస్తే షాపుల ఇస్తున్నరు. ఒకటి గింత మంచి చేస్తే రెండు ఎంత చేస్తది అని రెండు వేసుకుంటున్న.

నిర్మల మూతి ముడుచుకుంటది. ఆమెకు నేను మంచం మీద ఉన్నప్పుడే నచ్చిన. అట్లనే అన్న ఆమెతోని. అన్నం కాడి నుంచి లేచిపోయింది.

నీ చెవుల గురించి ఆలోచిస్తున్న. దాని సంగతి మళ్ల చెప్త. పెద్ద సంగతి.

గోవర్ధన్ గోవర్ధన్ గోవర్ధన్


కందుకూరు
అక్టోబర్ 14, సోమవారం

తమ్మీ,

నీ ఉత్తరం పండుగ ముందట వచ్చింది. కవరు విప్పి చదవకముందు నీ రాతనే చూసిన. నీ అక్షరాలు పెద్దవైనయి. లైన్లు కుడి పక్కకు మీదికెక్కుతున్నయి. అంచు వదలకుండ రాసినవ్, కాగితం ఉల్టా చేసి అడ్డంగ రాసినవ్. గట్ల గోడ మీద బొగ్గుతోని రాసిన మనిషిని నేను ఒకర్నే చూసిన.

నేను నీకు అబద్ధం చెప్పిన.

నాకు పదమూడేండ్లప్పుడు బాపు వానకాలమంత మంచంల పడ్డడు. నాగలి ముట్టలే. అమ్మ అన్నం కలిపి నోట్ల పెట్టేది. బాపు గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. అప్పట్ల ఎవ్వరు దవాఖాన అనలే, గాలి సోకిందన్నరు. ఎండకాలం వచ్చేసరికి లేచిండు. ఎట్ల లేచిండంటె, దీపం వత్తి ఒక్కసారి మీదికి తీసినట్టు లేచిండు. అందరం సంబరపడ్డం. నిద్ర లేదు, తిండి లేదు, నోరు ఆగదు. ఒక్కడే బాయి తవ్వుతనని మొదలుపెట్టిండు. రోడ్డు మీద పోయే తెలవని మనిషికి రెండు ఎడ్లను పగ్గాలతో సహా ఇచ్చేసిండు. ఇంటి గోడంత బొగ్గుతోని రాసిండు. ఇరవై దినాలు.

ఒకనాడు పగటాల అన్నానికి పిలువమని అమ్మ నన్ను పంపింది. బాపు రోడ్డు మీద నిలబడి ఉండె, నడిమిట్ల, రెండు చేతులు చాపి. "ఆపుత చూడు బిడ్డా" అన్నడు నన్ను చూసి. అప్పుడు నాకు చెవులు మంచిగున్నయి. లారీ హారన్ ఇప్పటికి ఇనబడ్తది. లారీ బాపును గుద్దలే తమ్మీ. బాపే దానికి ఎదురు పోయిండు. నవ్వుకుంట పోయిండు.

పదకొండో రోజు అమ్మ నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకున్నది. "పిచ్చి ఇల్లంటే నిన్నెవరు చేసుకుంటరు, రేపు వానికెవరు పిల్లనిస్తరు. లారీ గుద్దింది. గంతే." ఒట్టేసిన. ముప్పయ్యేండ్లు బావకు కూడ చెప్పలే.

డాక్టరమ్మ అడిగింది గదే. ఆమె మాటలు నువ్వు రాసినప్పుడు, ఆమె మనింటి లోపటికొచ్చి చూసి అడిగిందా అనిపించింది. అయినా లేదని రాసిన. దవాఖానకు పొమ్మని తోలింది నేనే, ఆమెకు చెప్పాల్సింది దాసింది నేనే.

ఇది చేతికందంగనే కారు తాళం నిర్మలకియ్యి. ఇద్దరు ఆ రోజే దవాఖానకు పోండ్రి. ఈ కాగితం డాక్టరమ్మ చేతిల పెట్టు. నువ్వు చెప్పాల్సిన పని లేదు, ఆమె చదువుకుంటది. గోలి పెంచుడు, తగ్గించుడు ఆమెనే చెప్పాలె.

నువ్వు తిట్టినా పడ్త. ముందుగాల పో.

మీ అక్క


శంషాబాద్
అక్టోబర్ 14

అక్కా,

తెలిసింది. నీ చెవులు పోలే. నిద్రపోతున్నయి. నా లోపట నిద్రపోయింది లేచింది గదా, గట్లనే నీవి లేస్తయి. దానికి పెద్ద చప్పుడు కావాలె. డాక్టర్లు చిన్న చప్పుడుతోని చూసిండ్రు, అదే వాళ్ల తప్పు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఒక జాగ ఉన్నది, పెద్ద విమానం లేచేటప్పుడు ఆడ నిలబడితే ఛాతీల ఎముకలు మోగుతయి. ఆ చప్పుడు చెవులకెళ్లి కాదు, ఎముకలకెళ్లి పోతది. నేను మూడు రోజులు నిలబడి చూసిన. ఏ విమానం ఏ టైముకు ఎంత గట్టిగ అంటదో రాసుకున్న. పగటాల ఒకటున్నది. దానికి నువ్వు ఇంటవు. మొదటి మాట అనూ అంటది. "అత్తా" అని. పిల్లకు నేర్పించిన.

గురువారం పొద్దుగాల పది గంటలకు బయలెల్లుతం, నేను, అనూ. బడి మానిపిస్త. నీ దగ్గరకొచ్చి నిన్ను కూసోబెట్టుకొని వస్త. అరగంటల వస్త. నా కారు ఇప్పుడు నేను అనుకుంటేనే పోతది. తయారుగుండు. కొత్త చీర కట్టుకో. నిర్మలకు చెప్పకు, ఆమెకు అర్థం కాదు.

ఎంత మంచిగుంటది అక్కా. ముప్పయ్యేండ్ల చప్పుడంత ఒక్కసారి వస్తది నీకు.

నీ గోవర్ధన్


కందుకూరు
నవంబర్ 17

తమ్మీ,

ఇది నీ చేతికి ఎప్పుడియ్యాల్నో డాక్టరమ్మ చూసి చెప్తనన్నది. ఆ రోజు నీకు యాదికి లేదట. ఏమైందని నువ్వడిగితే అందరు సముదాయిస్తున్నరట. నేను ఇగ దేన్ని దాయను. అందుకే రాస్తున్న.

నువ్వు వస్తున్నవన్న ఉత్తరం గురువారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు వచ్చింది. పోస్టాయన వాకిట్లనే ఉండె, నేను విప్పి చదివిన. ఉరికిపోయి బావకు చెప్పిన. నీ ఉత్తరం చూపించిన, బాపు సంగతి చెప్పిన, అంత ఒక్కసారి. ఆయనకు సగమే అర్థమైంది. ఫోన్ చేసిండు. నువ్వు ఎత్తలే. నిర్మల మార్కెట్ల ఉన్నదట. ఇంటికి ఉరికింది. కారు లేదు. గుమ్మంల నేను సోమవారం రాసిన కవరున్నది. నువ్వు పోయినంక వచ్చిందట.

అదే నేను సోమవారం బావతోని ఫోన్ల చెప్పిస్తే ఒక్క నిమిషం పట్టేది. బావకు తెలుస్తదని కాగితం మీద రాసిన. మూడు రోజులు ఆ కవరు సంచులల్ల తిరిగింది. నీకిది తెల్వాలె.

నేను, బావ బండి మీద తుక్కుగూడ దిక్కు బయలెల్లినం. రింగు రోడ్డు దిగి శ్రీశైలం రోడ్డు మీదికి తిరిగే కాడ నీ కారు డివైడరెక్కి బోర్లపడ్డది. ఎవ్వరు అడ్డం రాలే, నువ్వు ఎవ్వర్ని గుద్దలే. మలుపు దగ్గర తగ్గించలే, గంతే. టమాటల ట్రాలీ ఆయన అనూను బయటికి గుంజిండు. పిల్ల తొడ ఎముక విరిగింది. నీకు మెడ కింది ఎముక, మూడు పక్కటెముకలు. మేము పోయేటాలకు నువ్వు రోడ్డు పక్కన కూసున్నవ్. ముఖం మీద నెత్తురు. నన్ను చూసి నవ్వినవ్. నీ పెదవులు చదివిన. "ఇంకా టైమున్నది అక్కా, ఎక్కు" అన్నవ్.

అనూ నన్ను చూసి "అత్తా" అన్నది. నువ్వు నా ముఖమే చూస్తున్నవ్, ఇనబడ్డదేమో అని.

దవాఖానల నీ మాట ఆగలే. పక్క మంచమోళ్లకు, నర్సమ్మలకు, అందరికి అక్క చెవులొస్తయని చెప్పినవట. తర్వాత డాక్టరమ్మను పిలిపించిండ్రు. నిర్మల తెచ్చిన నా సోమవారం కవరు ఆమె చేతిల పెట్టిన. నిలబడే చదివింది. చదివి కుర్చీల కూసున్నది.

ఆమె కాగితం మీద రాసి చెప్పింది. నీది ఉత్త కుంగుడు కాదట. కుంగుడు, పొంగుడు రెండున్న రోగమట, బైపోలార్ అంటరు. అట్లాంటోళ్లకు ఆ గోలి ఒక్కటే ఇస్తే కొందరిని ఎగదోస్తదట. నువ్వు రెండేసి వేసుకునుడు ఇంకింత ఎగదోసి ఉంటదట. "నాతోటి అయిందా" అని అడిగిన. ఆమె ఊకెనే కాదని అనలే. "మందు లేకున్నా ఎప్పుడో ఒకనాడు వచ్చేదేమో, చెప్పలేను. కాని తెలిసి ఉంటే నేనట్ల మొదలుపెట్టకపోదును" అని రాసింది. ఆ చిట్టి నా దగ్గరనే ఉన్నది.

ఇంకొకటి కూడ రాసింది. ఆ గోలి మీద మన్ను పొయ్యకండ్రి, దాంతోని లేచి నిలబడ్డోళ్లు నా దగ్గర వందల మందున్నరు అని. నా గోలి నేను వేసుకుంటనే ఉన్న. చేతిల పట్టుకొని జరసేపు చూస్త. తర్వాత వేసుకుంట.

బావ వారం దినాలు నాతోని మాట్లాడలే. తర్వాత ఒకనాడు అన్నం తింటుంటే ముఖం నా దిక్కు తిప్పి, నాకు అర్థమయేటట్టు నిమ్మళంగ అన్నడు. "ముందుగాల చెప్తే చేసుకోకపోదునా?"

రమ్మంటే వస్త. వద్దంటే రాను.

భాగ్యలక్ష్మి


శంషాబాద్
ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరాలు రెండు ఇప్పుడు నా దగ్గర ఉన్నయి. నవంబర్‌ది జనవరిల ఇచ్చింది డాక్టరమ్మ. సోమవారంది ఆమె ఫైల్ల పెట్టుకున్నది, నకలు తీసి ఇచ్చింది. రెండు చదివేతందుకు నెల పట్టింది.

కోపమున్నది. దాస్తలేను. అనూ నడిచేటప్పుడు కుడికాలు జర ఈడ్చుతది. అది చూసినప్పుడు నీ మీద వస్తది, తర్వాత అమ్మ మీద వస్తది, తర్వాత నా మీద వస్తది. నా మీద వచ్చి ఆగుతది. నిర్మల అంటది, నువ్వు దవాఖానకు పొమ్మనకపోతే పెద్ద గోల్కొండ కాడనే అయిపోయేదని. అది కూడ నిజమే. రెండు ఒక్కసారి పట్టుకునుడు నాకు వస్తలేదు.

ఆ సెర్ట్రలిన్ బంద్ చేసిండ్రు. ఇప్పుడు లిథియం అని ఇస్తున్నరు. నెత్తురు పరీక్ష చేసుకుంట ఇయ్యాలె, ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. చేతులు సన్నగ వణుకుతయి, అందుకే నా రాత గిట్లున్నది. నీళ్ల దాహం ఎక్కువ. కారు అమ్మినం. ఎయిర్‌పోర్టు కార్గో కాడ డబ్బాలకు చీటీలంటించే పని దొరికింది, పగటి డ్యూటీనే చేస్తనని రాసిచ్చిన.

ఒట్టు నువ్వు తెంపినవ్ గదా. నేను ఇంకొంచెం తెంపిన. అనూకు చెప్పిన. బాపు సంగతి, నా సంగతి, పిల్లకు అర్థమయేటట్టు. పిల్ల కాలు మీద చెయ్యేసుకొని ఇన్నది. "నాక్కూడ వస్తదా బాపూ" అన్నది. నిర్మల నా దిక్కు చూసింది. రాదు అని నోటి దాకా వచ్చింది అక్కా. అమ్మకు కూడ గట్లనే వచ్చి ఉంటది. "రావచ్చు, రాకపోవచ్చు. వస్తే దాని పేరు మనకు తెలుసు" అన్న.

ఆ తర్వాత పిల్ల ఒక నోటుపుస్తకం పెట్టింది. దినాం పొద్దుగాల, "బాపూ, ఎన్ని గంటలు పండుకున్నవ్" అని అడుగుతది. చెప్తే రాసుకుంటది. నిర్మలను కూడ అడిగి సరిచూసుకుంటది. జనవరంత ఏడు, ఏడు, ఏడున్నర. ఒకనాడు ఎనిమిది, పక్కన పువ్వు గీసింది.

మొన్న ఐదు. నిన్న నాలుగు. ఇయ్యాల మూడున్నర అని చెప్పిన. పిల్ల రాయలే. పెన్సిలు పట్టుకొని నా ముఖం చూసింది. ఐదు అని చెప్తే అయిపోయేది. మనసు మంచిగనే ఉన్నది అక్కా, ఇంకా చెప్పాల్నంటే చానా మంచిగున్నది. పొద్దుగాల సంది ఎన్నో మాటలొస్తున్నయి. అదే భయం.

"మూడున్నరనే. రాయి బిడ్డా" అన్న. రాసింది. రాసి పుస్తకం నిర్మలకు చూపించింది. ఆమె చెంబు కింద పెట్టి, ఆటోకు ఫోన్ చేసింది.

ఆటో వచ్చే లోపట ఇది రాసిన. కింద హారన్ కొడుతున్నడు. పుస్తకం తను పట్టుకుంటనని అనూ ముందుగాల దిగింది. నేను దిగుతున్న.

గోవర్ధన్